పెరట్లో అనకూడని మాట

కొట్టు గుమ్మానికి జీనులకి కట్టే ఇనుప రికాబులు వేలాడుతూ ఉండేవి. పొద్దున్నే వాటి మీద ఎండ పడి, ఎదురుగా ఉన్న మందుల షాపు గోడ మీద చిల్లరలా చెదిరేది. లోపలికి అడుగుపెడితే ముందు కుక్కల బిస్కెట్ల వాసన, ఆ తర్వాత పిల్లుల ఇసుక వాసన, చేపపిల్లల మేత వాసన. వీటన్నిటినీ దాటి వెనక గది దాకా వెళ్ళే ఓపిక ఉన్నవాళ్ళకి తోలు వాసన తగిలేది. ఆ వాసన మధ్యలో ఒక చెక్క పీట, పీట మీద ఆమె.

అసలు పేరు ఉండే ఉంటుంది. వీధిలో అందరికీ కళ్ళెమక్క. కళ్ళేలు కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, నోటికి కళ్ళెం వేసుకున్నట్టు ఉంటుంది కాబట్టి వచ్చిందని కొందరు. ఆమెని అడిగితే దబ్బనంలో దారం ఎక్కిస్తూ, "రెండూ ఒకటే కదా, దేనికైనా వాడొచ్చు" అనేది.

కొట్టు వాళ్ళ నాన్నది. ఆయన గుర్రాలకి జీనులు కుట్టేవాడు, మొదటి చదువు చెప్పేవాడు. మొదటి చదువంటే ఎంతో కాదు. మనిషి వెంట నడవడం, చెప్పినప్పుడు కదలడం, చెప్పినప్పుడు నిలబడటం, కాలెత్తమంటే ఎత్తి గిట్ట చూపించడం. అంతే. "ఈ మాత్రం మనుషులకి వస్తే చాలు, నేను కొట్టు మూసుకుంటాను" అనేవాడు ఆయన.

కొట్టు వెనక పెరట్లో ఆయన రెండే మాటలు వాడేవాడు. కదలడానికి 'సాగు'. నిలబడటానికి 'నిలు'. ఆ పెరట్లో అనకూడని మాట ఒకటుండేది. అది 'ఆగు'.

"గుర్రానికి అర్థం వినపడదు తల్లీ, చప్పుడు వినపడుతుంది" అని కూతురికి చెప్పాడు. "మనం అరిచినప్పుడు ముందక్షరాన్ని గాలి ఎత్తుకుపోతుంది. గుర్రం చెవికి తోక మాత్రమే చేరుతుంది. సాగుకీ ఆగుకీ తోక ఒకటే. ఆగమని నువ్వు గొంతు చించుకున్న కొద్దీ అది సాగమనే అనుకుంటుంది. మంచి గుర్రమైతే ఇంకా జోరుగా సాగుతుంది."

అందుకే ఆ ఇంట్లో అన్నం దగ్గర కూడా ఎవరూ ఆగు అనేవాళ్ళు కాదు. ఉండు అనేవాళ్ళు. పాలు పొంగుతుంటే ఉండు, బస్సు కదిలిపోతుంటే ఉండు, ఏడుస్తున్న పిల్ల వెనకాల ఉండుండు. ఎవరైనా కొట్టుకి వచ్చి "వ్యాపారం ఎలా సాగుతోందండీ?" అని పలకరిస్తే, వెనక పెరట్లో కట్టేసిన గుర్రాలు ఒక అడుగు ముందుకి వేసేవి. గిట్టల చప్పుడు వినిపించగానే నాన్న నవ్వేవాడు. "వాటినే అడగండి, జవాబు చెప్పాయి."

ఆమెకి ఒక తమ్ముడు. చిన్నప్పుడు ఒక మగ గుర్రపుపిల్ల వాడి తొడ మీద తన్నింది. ఎముక అతుక్కుంది గానీ భయం అతుక్కోలేదు. వాడు మళ్ళీ పెరట్లోకి రాలేదు. పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. నాన్న పోయాక వచ్చి కొట్టు ముందు భాగంలో కూర్చున్నాడు. ముందు కుక్కల మెడపట్టీలు తెచ్చాడు, తర్వాత పిల్లుల గంపలు, తర్వాత కుక్కలకి పరుపులు. ఆ పరుపుల మీద ఎముక బొమ్మలుండేవి. కళ్ళెమక్క వాటిని ఒకసారి చేత్తో నొక్కి చూసింది.

"ఎంత మెత్తగా ఉందిరా! వచ్చే జన్మలో నీ దగ్గర బేరానికొస్తాను."

"ఈ జన్మలోనే తీసుకో అక్కా, ఎవరొద్దన్నారు?"

"నాకు మెడపట్టీ కూడా కావాలేమో మరి."

వాడు నవ్వాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట ఆమే అందరికీ చెప్పేది. కొట్టు నిలబడింది కుక్కల వల్లే, గుర్రాల వల్ల కాదు, అది ఆమెకి తెలుసు. ఊరి చుట్టూ గుర్రాలు తగ్గిపోయాయి. ఉన్న కొద్దిమంది ఆసాములూ లాడాలూ దాణా బకెట్లూ ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. ముందు గది పగ్గాలు తమ్ముడి చేతికి వెళ్ళాయి. వెనక గదిలో నిజమైన పగ్గాలు మేకుకి వేలాడుతూ గట్టిపడుతున్నాయి.

తమ్ముడు కొట్టుని ఫోన్ మ్యాపులో పెట్టాడు. దగ్గర్లో గుర్రాల సామాన్లు ఎక్కడ దొరుకుతాయని ఎవరు వెతికినా ఎర్రచుక్క వచ్చి ఈ వీధి మీద వాలేది. చుక్క కింద మూడు ముక్కలు: గుర్రాల సామాన్లు, పెంపుడు జంతువుల సామాన్లు, గుర్రాలకు ప్రాథమిక శిక్షణ. పైన ఒక ఫోటో. అందులో ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక బూడిదరంగు గుర్రం పక్కన పగ్గం పట్టుకుని తమ్ముడు. పగ్గం చాలా పొడుగ్గా వదిలి పట్టుకున్నాడు, అవసరమైతే పారిపోవడానికి వీలుగా. ఆ ఫోటో తీసింది వాడి భార్య. గుర్రం కదలకుండా అవతలి పక్క నిలబడి, "నిలు, నిలు" అని చిన్నగా అంటూ ఉన్నది కళ్ళెమక్క. ఫోటోలో ఆమె పడలేదు. గుర్రం పొట్ట కింద నుంచి రెండు పాదాలు మాత్రం కనిపిస్తాయి, చూడాలనుకున్నవాళ్ళకి.

ఆ గుర్రం పేరు బూడిద. బండి లాగే గుర్రాల కడుపున పుట్టింది. బండికి కడితే వణుకుతోందని చవగ్గా అమ్మేశారు. తమ్ముడు కొన్నాడు. "నువ్వు కాస్త మచ్చిక చెయ్యక్కా, మంచి బేరం చూసి ఇచ్చేద్దాం."

బూడిద మొదట్లో మనిషి నీడ పడినా చర్మం విదిలించేది, ఈగ వాలినట్టు. కళ్ళెమక్క చాలా రోజులు దానికి ఏమీ నేర్పలేదు. పెరట్లో పీట వేసుకుని, దానికి వీపు పెట్టి, కళ్ళేలు కుట్టుకుంది. చూపు కూడా బరువేనని వాళ్ళ నాన్న అనేవాడు. ఒక పొద్దున మెడ మీద వెచ్చగా గాలి తగిలింది. తోలు వాసన చూడటానికి వచ్చింది బూడిద. కళ్ళెమక్క తల తిప్పలేదు. కుట్టు తప్పు పడింది, అయినా విప్పలేదు. ఆ తప్పు కుట్టున్న కళ్ళేన్ని ఎవరికీ అమ్మలేదు, దానికే తొడిగింది.

తర్వాత తాడు. తాడు లాగేది కాదు, కాస్త బిగించి ఉంచేది. గుర్రం ఒక్క అడుగు వేస్తే ఆ క్షణమే వదిలేది. వదలడమే మెప్పు. "సాగు" అనగానే అడుగు, అడుగు వెయ్యగానే వదులు. ఎండాకాలం పోయి వానలు పట్టేసరికి తాడు లేకుండానే రెండు మాటల మీద బూడిద పెరడంతా తిరిగేది. చిన్నగా అంటే నడక, గట్టిగా అంటే పరుగు. 'నిలు' అంటే చాలు, ఎంత జోరులో ఉన్నా నాలుగు కాళ్ళూ అక్కడికక్కడే దించేసి, చెవులు మాత్రం ఆమె వైపు తిప్పేది.

మరదలు మేడ మీద బట్టలు ఆరేస్తూ చూసేది. "వదినా, ఎంత కష్టపడి ఏం లాభం? అది ఎటూ వెళ్ళిపోయేదే కదా. దాని పేరే చెబుతోంది. బూడిదలో పోసిన పన్నీరు."

"పన్నీరు పోస్తే బూడిదైనా వాసనొస్తుందిలే అమ్మాయ్."

"మాటకి మాట అప్పజెప్పడంలో మాత్రం మీ తర్వాతే ఎవరైనా."

బేరం వచ్చింది. రంపపు మిల్లు ఆసామి. ఫోన్లో ఎర్రచుక్క పట్టుకుని వచ్చాడు. ఎడమ చెయ్యి చూపుడువేలు సగం లేదు, చెవులు సగం పనిచేయవు. రెండూ మిల్లుకే ఇచ్చానని చెప్పుకుని నవ్వుతాడు. కూతురికి గుర్రం కావాలి. పక్కనే ఆ పిల్ల, సన్నగా, అందరికంటే ముందు గుర్రాన్ని చూసి నోరు తెరిచిన పిల్ల.

"శిక్షణ ఇచ్చే సార్ ఎవరు?"

"నేనే సార్" అన్నాడు తమ్ముడు.

మిల్లు ఆసామి ఫోన్లో ఫోటో చూసి, తమ్ముణ్ణి చూసి, తలూపాడు. బ్రష్షు పట్టుకుని నిలబడ్డ కళ్ళెమక్క వైపు గడ్డం చూపించాడు. "ఈవిడ?"

"మా అక్క సార్. సాయం చేస్తూ ఉంటుంది."

కళ్ళెమక్క బూడిద మెడ మీద బ్రష్షు ఆపలేదు. ఒకే చోట తోముతూ ఉండిపోయింది. బూడిదే పక్కకి జరిగింది.

వాళ్ళు వెళ్ళాక తమ్ముడితో ఒక్కటే అంది. "అమ్ముకో. నాకేం అడ్డం లేదు. కానీ పంపేటప్పుడు నేను వెంట వెళ్తాను. ఆ పిల్లకి మాటలు నేర్పి వస్తాను. మాటలు లేకుండా గుర్రాన్నిస్తే తాళంచెవి లేకుండా ఇల్లిచ్చినట్టు."

"అలాగే అక్కా."

"ఆ మాట అనకూడదని చెప్పాలి. గుర్తుందా ఏ మాటో?"

"ఉందిలే. గుర్రపు భాషలో కూడా పరీక్ష పెడతావా ఇప్పుడు?" అని నవ్వాడు. వాడికి చిన్నప్పుడు చెప్పారు, పెద్దయ్యాకా చెప్పారు. చెప్పినప్పుడల్లా అలాగే నవ్వాడు.

కళ్ళెమక్క తోలు కొనడానికి పక్క ఊరు వెళ్ళిన రోజు మిల్లు ఆసామి బండి తెచ్చాడు. పిల్ల పుట్టినరోజట, ఇవాళే కావాలట. బేరం చెడుతుందేమోనని తమ్ముడు ఒప్పుకున్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి పెరట్లో దాణా బకెట్టు ఖాళీగా ఉంది, నేల మీద బండి చక్రాల జాడ.

"మాటలు చెప్పావా?"

"చెప్పాను."

"ఏం చెప్పావు?"

"అన్నీ చెప్పానక్కా. నడవమంటే నడుస్తుంది, ఆగమంటే ఆగుతుంది, గుర్రమే కదా! ఊరికే ప్రాణం తీస్తావేంటి? ఎప్పుడు తిన్నావో ఏమో, తిను ముందు."

కంచంలో చెయ్యి పెట్టి ఆమె తలెత్తింది. "ఏ మాట చెప్పావురా? ఆగు అన్నావా?"

తమ్ముడు లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. మరదలు మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. కళ్ళెమక్క చెయ్యి కడుక్కుని ఫోనందుకుని మిల్లుకి చేసింది. అవతల రంపం మోత. మోతలోనే ఎవరో, "అయ్యగారు ఆసుపత్రికి వెళ్ళారు" అన్నారు.

పిల్ల గుర్రం మీంచి పడింది, మెడ కింద ఎముక విరిగింది. మిల్లు వెనక ఖాళీ స్థలంలో ఎక్కించారు. బూడిద చక్కగా నడిచింది. నడక కాస్త పెరిగేసరికి పిల్ల, తండ్రి నేర్పిన మాటే అంది. ఆగు అంది. బూడిద పరుగందుకుంది. పిల్ల ఆగు, ఆగు అని అరిచింది. ప్రతి ఆగుకీ బూడిద ఇంకొంచెం ప్రాణం పెట్టి పరిగెత్తింది. తండ్రి అరిచాడు, కూలీలు అరిచారు. ఊరంతా కలిసి దాన్ని ఉరకమన్నారు, అది ఉరికింది. దాని జీవితంలో అంత బాగా మాట విన్న రోజు ఇంకోటి లేదు.

మర్నాడు మిల్లు ఆసామి కొట్టుకి వచ్చాడు. తిట్టడానికి వచ్చినవాడిలా లేడు. కుక్కల పరుపుల దొంతి పక్కన నిలబడి, సగం వేలితో గల్లా పెట్టె అంచుని రుద్దుతూ మాట్లాడాడు.

"నా మిల్లులో మీట నొక్కితే రంపం ఆగుతుంది. నా వేలు పోయినప్పుడు కూడా ఆగింది. ఇది ఆగలేదండీ."

కళ్ళెమక్క వెనక గదిలోంచి వచ్చింది. "దాని తప్పు లేదు సార్. ఆగు అంటే దానికి సాగు అని వినపడుతుంది. దాన్ని నిలబెట్టే మాట వేరు. నిలు అనాలి. ఆ మాట మీకు చెప్పలేదు."

మిల్లు ఆసామి తమ్ముడి వైపు తిరిగాడు. "సార్, శిక్షణ ఇచ్చింది మీరు. మీరు చెప్పండి. నాకు ఏ మాట చెప్పారు?"

కొట్టు బయట ఎవరో కుక్క గొలుసు బేరమాడుతున్నారు. మరదలు వాళ్ళకి జవాబు చెప్పడం ఆపేసి ఇటు చూస్తోంది. తమ్ముడి చెయ్యి బల్ల మీదున్న బిస్కెట్ల డబ్బా మూతని తిప్పుతోంది. ఒక్క మాట చాలు. నేను తప్పు చెప్పాను, అంటే చాలు. గుర్రం మంచిదైపోతుంది, ఇల్లు చేరుతుంది.

"నేను నిలు అనే చెప్పాను సార్" అన్నాడు తమ్ముడు. "మీకు... ఆ బండి చప్పుడులో సరిగ్గా వినపడి ఉండదు."

మిల్లు ఆసామి చెయ్యి తనకి తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్ళింది. ఒక మనిషి మొహం లోపలికి కూలడం అంత దగ్గర్నుంచి కళ్ళెమక్క అంతకుముందు చూడలేదు. పిల్లకి ఆ మాట నేర్పింది ఆయనే. తప్పు విన్న ఆయన చెవులే నేర్పాయి.

"ఒరేయ్" అంది ఆమె. "చెప్పరా. అబద్ధమని చెప్పు. ఆయన కూతురి ఎముక ఆయన నెత్తిన పెడతావా?" వాడు మూత తిప్పుతూనే ఉన్నాడు. ఆమె మిల్లు ఆసామికి ఎదురుగా వచ్చి నిలబడింది. "సార్, మీరు సరిగ్గానే విన్నారు. వీడికి ఆ మాటే తెలియదు. వీడు పెరట్లోకే రాడు. ఆ గుర్రానికి నేర్పింది నేను."

మరదలు లోపలికొచ్చింది. "వదినా, ఇక ఊరుకోండి. పరాయివాళ్ళ ముందు సొంత తమ్ముణ్ణి... సార్, ఆ గుర్రమంటే మా వదినకి ప్రాణం. దాని మీద మాట పడితే తట్టుకోలేదు, అందుకే ఇలా."

మిల్లు ఆసామి జేబులోంచి ఫోన్ తీసి, ఆ ఫోటోని మళ్ళీ చూశాడు. ఇస్త్రీ చొక్కా, పగ్గం, బూడిద. తర్వాత ఆమెని జాలిగా చూశాడు. ఆ జాలిని కళ్ళెమక్క తర్వాత ఎప్పటికీ క్షమించలేదు. తిట్టి ఉంటే క్షమించేది.

"సాయం చేసే మనిషివి, నీకు దాని మీద ప్రేమ ఉంటుందమ్మా. కాదనను."

"నాకు తిరిగిచ్చెయ్యండి. మీ పైకం మీకు ఇప్పిస్తాను, నేనే వచ్చి తీసుకెళ్తాను."

"తిరిగిస్తే రేపు ఇంకొకరికి అమ్ముతారు. ఇంకో పిల్ల భయంలో ఒక్క మాట తప్పుగా అంటుంది. నేను చెవిటివాణ్ణే గానీ, ఆ పాపం కూడా మొయ్యలేను." గుమ్మం దాకా వెళ్ళి, రికాబులకి తల తగలకుండా వంగాడు. "కబేళా వాడికి మాటిచ్చేశాను. రేపు బండి వస్తుంది."

ఆ పూట ఆమె వెనక గదిలోంచి బయటికి రాలేదు. వాడే పీట దగ్గరికి వచ్చాడు. "కొట్టు పేరు పోతే అందరం రోడ్డు మీద పడతామక్కా. గుర్రం ఇంకోటి వస్తుంది."

"వస్తుంది" అంది ఆమె. "తమ్ముడు రాడు."

మర్నాడు మిల్లుకి వెళ్ళింది. ఇంకోసారి అడగడానికని బయల్దేరింది గానీ, గేటు దాటేసరికే లారీ నిలబడి ఉంది, వెనక తలుపు దించి పలక ఆనించి ఉంది. రంపపు పొట్టు గాల్లో ఎండలా తేలుతోంది. బూడిద మూతికి తప్పు కుట్టున్న కళ్ళెం అలాగే ఉంది. డొక్కల మీద మాత్రం కొత్త చారలు. అక్కడే ఉన్న వాళ్ళ ఇంటి మేడ మీద కిటికీలో చెయ్యి కట్టించుకున్న పిల్ల, వెనక నుంచి ఎవరో పిలుస్తున్నా కదలడం లేదు.

గుర్రం పలక ఎక్కడం లేదు. ఒకడు ముందు నుంచి లాగుతున్నాడు, ఒకడు వెనక నుంచి కట్టె విసురుతున్నాడు. "ఎక్కవే! ఎక్కు! దీనెమ్మ, ఎక్కు!" ఎక్కు అన్న మాట దానికి ఎవరూ నేర్పలేదు. పలక మీద ముందు గిట్టలు జారాయి, మోకాలు కొట్టుకుంది, లేచింది, మళ్ళీ కట్టె. మళ్ళీ కట్టె. మిల్లు ఆసామి మొహం తిప్పుకుని దుంగల లెక్క చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వెళ్ళి అడిగిన మాట ఆయనకి వినపడలేదో, వినపడిందో. తల అడ్డంగా ఊపాడు.

కట్టె మళ్ళీ లేచింది.

"కొట్టకండి" అంది కళ్ళెమక్క. "నేను ఎక్కిస్తాను."

ఇద్దరూ పక్కకి జరిగారు. ఆమె వెళ్ళి బూడిద ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టింది. చర్మం వణుకుతోంది, మొదటి రోజుల్లో వణికినట్టే. చెవులు మాత్రం ఆమె వైపు తిరిగాయి. తాడు బిగించలేదు. లారీలోని చీకటి వైపు చూస్తూ, పెరట్లో చెప్పినట్టే చిన్నగా చెప్పింది.

"సాగు."

బూడిద అడుగు వేసింది. పలక మీద ఒక గిట్ట, ఇంకో గిట్ట, చెక్క డొల్లగా మోగింది. ఎక్కడా ఆగలేదు. చీకట్లోకి వెళ్ళి, ముందు చెక్కకి తల తగిలేదాకా వెళ్ళి, ఇంకా వెళ్ళబోయింది.

"నిలు" అంది ఆమె.

నిలబడింది. నాలుగు కాళ్ళూ దించి, చెవులు వెనక్కి తిప్పి, తర్వాతి మాట కోసం.

"అబ్బో, ఏం మంత్రమేసిందిరా ఈ పెద్దమ్మ!" అన్నాడు కట్టె పట్టుకున్నవాడు, తలుపెత్తి గొళ్ళెం పెడుతూ. మిల్లు ఆసామి ఇటు తిరిగి చూశాడు. చూసింది అర్థమైందో లేదో. లారీ మోత మొదలైంది, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

ఫోన్లో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. బూడిద పొట్ట కింద ఆమె పాదాలు ఉన్నాయి. అప్పుడప్పుడూ ఎవరో ఎర్రచుక్క పట్టుకుని వచ్చి, "శిక్షణ ఇచ్చే సార్ ఉన్నారా?" అని అడుగుతారు. "ముందు గదిలో ఉంటారు" అంటుంది కళ్ళెమక్క. ఆమె ఇప్పుడు కుక్కల మెడపట్టీలు కుడుతోంది. మంచి తోలుతో, సన్న కుట్టుతో. తమ్ముడు వాటిని అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతాడు. ఇద్దరూ ఒకే వంట తింటారు, ఒకే కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటారు. మరదలు పన్నీరు మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న పోస్టు తెచ్చే ఆయన గుమ్మంలో సైకిలు ఆన్చి, అలవాటు కొద్దీ అడిగాడు. "ఎలా సాగుతోంది కళ్ళెమక్కా, వ్యాపారం?"

ఆమె దబ్బనం పట్టుకున్న చెయ్యి పైకెత్తి, పెరటి వైపు చెవి పెట్టింది. ఆయన కూడా ఏదో వినపడుతుందేమోనని తల వంచి చూశాడు.

పెరట్లో ఏ గిట్టా కదల్లేదు.